యాభయ్యో ఎత్తుకు ముందు

ఆట 318వ రోజు

పంకాలు నాలుగూ తిరుగుతున్నాయి. గాలిని వడకట్టే వలల మీద దుమ్ము పదకొండు కిలోలు. పైన ఎండ యాభై మూడు డిగ్రీలు.

పంకాల గది పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదని మా పర్యవేక్షకుడు రెండుసార్లు చెప్పాడు. ఆయన దీన్ని ఏడాదికోసారి తిరగేస్తాడు, అదీ బరువుల వరుస మాత్రమే చూస్తాడు. కాబట్టి రాస్తాను.

పొద్దున వలలు దులిపి, మూడో పంకా బేరింగుకు నూనె పెట్టి వంటశాలకు వెళ్లాను. ఉసేన్‌బీ పళ్లెంలో సంగటి ముద్ద వేస్తూనే మొదలుపెట్టింది. ఎండకు భయపడి నేల కింద కట్టుకున్న మా కిందూరులో నాలుగు వందల మందికి వండేది ఆమే. నోరు ఊరుకోదు గానీ చేతి నిండా పెట్టే మనిషి.

"ఏం మద్దిలేటన్నా, ఈపొద్దన్నా ఆ గుర్రాన్ని బయటికి తీస్తావా, లేకుంటే గడ్డేసి ఆడనే కట్టేసినావా?"

"దారి ఉంటే కదమ్మా తీసేకి."

"మూడొందల దినాలనుంచి ఇదే మాట."

వంటశాల మధ్యలో పాత గని నుంచి తెచ్చిన పెద్ద నాపరాయి ఉంది. దాని మీద గళ్లు గీసి, నా చదరంగం ఆటను ఏ రోజుకారోజు అక్కడ పేరుస్తారు. తినడానికి వచ్చినవాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. నోటితో సలహా చెప్పకూడదన్నది మా ఊరి కట్టుబాటు. మరీ ఉండబట్టకపోతే ఒక గులకరాయి తెచ్చి, ఏ గడి మీద తన మనసుందో అక్కడ పెట్టి పోవాలి. అదీ ఆట మొత్తానికి మనిషికి ఒక్క రాయే. అందుకే అందరూ తమ రాయిని పదిలంగా దాచుకుంటారు. ఉసేన్‌బీ రాయి ఇంకా ఆమె కొంగు ముడిలోనే ఉంది.

ఆట మాత్రం బిగుసుకుపోయింది. నావి నల్లకాయలు, దూరపు ఊరి నుంచి నాతో ఆడే ఆమెవి తెల్లవి. ఆ పక్క నుంచి ఈ పక్క దాకా నా బంట్లూ ఆమె బంట్లూ తల ఆనించి నిలబడ్డ పొట్టేళ్లలా ఉన్నాయి, ఒక్కటీ వెనక్కి తగ్గదు, నష్టం లేకుండా ముందుకూ పోదు. వాటి వెనక మా ఏనుగులూ శకటులూ గుర్రాలూ అటు ఒక గడి, ఇటు ఒక గడి నడుస్తూ పొద్దుపుచ్చుతున్నాయి. రోజుకు ఆమెదొక ఎత్తు, నాదొక ఎత్తు.

ఆమె పేరు పల్లాలమ్మ. కోరంగి అవతల సముద్రం మీద గొలుసులతో కట్టిన పాత పడవల తేలూరులో ఉంటుంది. ఆటుపోట్లు కొలవడం ఆమె పని. ఈ రోజు ఎత్తుతో పాటు రాసింది:

"మద్దిలేటి గారండీ, ఈవేళ పోటు మూడడుగులు ఎక్కువొచ్చిందండి. మా కోడిపెట్ట బల్లెక్కి కూచుని దిగనంటోంది. ఏనుగుని ఓ గడి పక్కకి జరిపేను. తొందరేం లేదు కదండీ?"

తొందర లేదనే రాశాను. తీగ మీద మా ఆట చూసేవాళ్లు నూట నలభై మంది, ఎక్కడెక్కడి కిందూళ్లవాళ్లో. వాళ్లకి మాత్రం తొందరే. ఒకాయన "నాకు నిద్రొస్తోంది" అని రాశాడు. ఇంకొకాయన "గోడ ఆరుతుంటే చూసినట్టుంది" అన్నాడు. చివర ఎప్పటిలాగే ఎల్లయ్య సారు: "ఇరవై రెండు."

ఎల్లయ్య సారు దేవరకొండ వైపు కిందూరులో ఒకప్పుడు లెక్కలు చెప్పినాయన. మా ఆటకు లెక్క పట్టే పని ఆయనది. ఒక్క కాయనూ తినకుండా, ఒక్క బంటూ కదలకుండా ఇద్దరమూ వరుసగా యాభై ఎత్తులు వేస్తే ఆట సమానమైందని ముగించేస్తారు. బంటు కదిలితే లెక్క మళ్లీ సున్నా నుంచి.

ఆట 326వ రోజు

పంకాలు నాలుగూ తిరుగుతున్నాయి. దుమ్ము తొమ్మిది కిలోలు.

ఈ రోజు పల్లాలమ్మ గారి పది వరుసలు మామూలుగానే మొదలయ్యాయి. కోడిపెట్ట బల్ల దిగింది. పీతలు పడుతున్నాయి. ఏడో వరుసలో ఇలా ఉంది:

"అన్నట్టు మా తేలూరు తీసేత్తున్నారండి. పడవల అడుగులు తుప్పట్టేసినయ్యంట. తుపాన్ల కాలం రాకముందే అందర్నీ తలో కిందూరికీ పంచేత్తారంట. గుర్రం వెనక్కి వచ్చేసిందండి, చూసుకోండి."

ఎల్లయ్య సారు సాయంత్రం దాకా ఆగి, "ముప్పై" అని మాత్రం పెట్టాడు.

"మీ కోడిపెట్టను తీసుకుపోనిస్తారా?" అని అడిగాను. పంపేశాక నా తల నేనే కొట్టుకున్నాను. మనిషి ఊరు పోతుంటే అడగాల్సిన మాట అదా?

ఆట 327వ రోజు

దుమ్ము తొమ్మిదిన్నర.

పోయినసారి తేలూరు ఒకటి ఎత్తేసినప్పుడు ఉసేన్‌బీ పిన్ని కూతురు ఇలాగే వచ్చింది. అందుకని పద్ధతి ఆమెకు తెలుసు. చేటలో పుట్టగొడుగులు ఏరుతూ చెప్పింది.

"అయినోళ్లు ఉంటే అయినోళ్ల కాడికి పంపిస్తారు. లేకుంటే చీటీ తీస్తారు, యాడ పడితే ఆడికి పోవాల. ఇంగొకటి ఉండాదన్నా. ఎరిగిన మనిషి పేరు రాసుకోవచ్చు. తీగ మింద సంవత్సరం పొడుగునా తెగకుండా మాట నడిచుండాల, అంతే."

"సంవత్సరమంటే?"

"మూడొందల అరవై ఐదు. ఒక దినం తక్కువైనా ఒప్పుకోరు. ఉత్తుత్త పేర్లు రాస్తారని."

ఆమె చేట దించి నా మొహం చూసింది. నేను లెక్క వేస్తున్నానని ఆమెకు అర్థమైంది.

తీగ సంగతి రాయాలి. దూరపు ఊరితో ఊరికే మాట్లాడాలంటే మనిషికి నెలకు పావుగంట, అదీ వంతు వచ్చినప్పుడు. అదే ఆట అయితే నలుగురూ చూసే సంగతి కాబట్టి రోజూ ఎత్తు పంపొచ్చు, దాంతో పది వరుసలు రాయొచ్చు. ఆట అయిపోతే తీగ తీసేస్తారు. అదే మనిషితో మళ్లీ తీగ మీద ఆట ఇవ్వరు. ఊళ్ల మధ్య కొత్త పరిచయాలు పెరగాలని పెద్దలు పెట్టిన నియమం, మంచి ఉద్దేశమే. ఇంతకుముందు నేను మూడు ఆటలు ఆడాను. మూడుసార్లూ గెలిచాను. ఆ ముగ్గురు మనుషులూ ఇప్పుడెలా ఉన్నారో నాకు తెలియదు.

ఇక లెక్క. ఆఖరుసారి బంటు కదిలింది 296వ రోజున, ఆమెది. దాని మీద యాభై అంటే 346. ఆ రోజు సాయంత్రం ఎల్లయ్య సారు "యాభై" అని రాస్తాడు, ఆట అయిపోతుంది. ఫారాలు ఇవ్వాల్సిన ఆఖరు రోజు మా ఆట లెక్కలో 366. కావాల్సింది 365. మాకున్నది 346. పందొమ్మిది రోజులు తక్కువ.

నా దగ్గర ఒక ఉత్త ఎత్తు ఉండేది. లాభం లేకపోయినా నష్టం లేని బంటు అడుగు, బి అక్షరం నిలువు వరుసలోని బంటుది. ఇలాంటి సమయానికే దాచుకోవాల్సింది. 290వ రోజున వంటశాలలో "ఈయనకు బంటు జరిపే ధైర్యం లేదు" అని ఎవరో అంటే పౌరుషానికి పోయి దాన్ని వేసేశాను. యాభై ఏడేళ్లు వచ్చాయి నాకు. పౌరుషం ఎక్కడ దాచాలో ఇంకా తెలియలేదు.

ఆట 333వ రోజు

దుమ్ము పద్నాలుగు. రెండో పంకా కొంచెం మూలుగుతోంది.

పల్లాలమ్మ గారు రాసింది ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"ఫారం ఇచ్చేరండి. ఎక్కడికైనా సరే అని రాసేద్దావనుకుంటున్నాను. నాకెవరున్నారండి, ఇద్దరు చెల్లెళ్లని పెంచి పెళ్లిళ్లు చేసి పంపేసేను, వాళ్లూ పోయేరు. నేను చేసుకోడానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు ఎవరికో బరువవ్వడం నాకిష్టం లేదండి. చీటీలో ఏది వత్తే అదే. మంత్రిని ఓ గడి కిందకి దింపేను."

చదివాక వెళ్లి ఒకటో వల దులిపాను. దులిపిన వలనే మళ్లీ దులిపాను.

ఒక మాట ఒప్పుకోవాలి. మా ఆవిడ పోయి పన్నెండేళ్లయింది, ఆ ఏడాది ఎండకు. అప్పటికి పైనుంచి గాలి దింపే మా రెండో గాలిగుంట తవ్వడం పూర్తి కాలేదు. ఆ తర్వాత నేను పంకాలతో తప్ప ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. ఈ పదకొండు నెలలుగా మాత్రం రోజూ పొద్దున లేవగానే సముద్రం ఎంత ఎత్తు వచ్చిందా అని ఆలోచిస్తున్నాను. సముద్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆమె లేకుండా ఈ రోజులు గడవడం నాకు ఇష్టం లేదు. ఇదీ సంగతి.

"మా ఊరికి రండి" అని రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. ఆ వరుసలు నూట నలభై మంది చదువుతారు. అంతమంది ముందు ఒక మనిషిని అడిగితే, ఇష్టం లేకపోయినా కాదనడానికి ఆమెకు చోటెక్కడుంటుంది? మొహమాటానికి సరే అని వచ్చి, ఈ రాతి కింద తలొంచుకుని బతకడం కన్నా చీటీయే మేలు.

చివరకు ఇలా పంపాను: "ఇక్కడ గోంగూర దీపాల వెలుగులో పండిస్తారు. పులుపు తగ్గదు."

ఆట 340వ రోజు

దుమ్ము పదిహేను. పైన గాలి లేస్తోంది.

వారం నుంచి బండ దగ్గర కూర్చుని నా బంట్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూశాను. కదిలేవి మూడు. రెండింటిని కదిపితే వెంటనే పోతాయి, ఆటా వెంటనే పోతుంది. మిగిలింది జి బంటు.

ఆ చివర పరిస్థితి ఇదీ. ఆమె హెచ్ బంటు నా జి బంటుకు పక్క నిలువు వరుసలో, రెండు గళ్ల దూరంలో ఉంది. దాని వెనక ఆమె రెండు ఏనుగులూ బారు తీరి ఉన్నాయి. ఆ బంటును ఆమె ముందుగా జరిపితే నా గుర్రమూ శకటూ బంటూ కలిసి దాన్ని ఊరికే తినేస్తాయి. అందుకే జరపదు. నేను ముందుగా జి బంటును ఒక గడి జరిపితే మాత్రం ఆమెకు రెండు దారులు. ఒకటి, నా బంటును తినడం. తింటే ఆ చివర వరుస తెరుచుకుంటుంది, ఏనుగులు లోపలికి వస్తాయి, ఎనిమిది ఎత్తుల్లో నా రాజు పడిపోతాడు. రెండోది, తినకుండా తన బంటును నా బంటు పక్కగా ముందుకు జరిపి వరుసను శాశ్వతంగా మూసేయడం. అప్పుడు బండ మీద ఇంక తెరిచేందుకు ఏమీ ఉండదు. ఇద్దరమూ కాయలు అటూ ఇటూ తిప్పుతూ ఇంకో యాభై రోజులు కూర్చోవచ్చు.

ఆడటం వచ్చినవాళ్లెవరూ రెండో పని చేయరు. ఆమెకు బాగా వచ్చు.

నేను చూసిందే చూసేవాళ్లూ చూస్తున్నారు. "జి బంటు మాత్రం ముట్టుకోకు సామీ" అని ఒకాయన రాశాడు. ఎల్లయ్య సారు నలభై నాలుగు అని పెట్టి, ఎన్నడూ లేనిది, కింద మాటలు కూడా రాశాడు.

"యాభై కాంగనే నేను రాస్త. ఊకునేది లేదు. లెక్క లెక్కనే. కానీ బంటు గదిలితే మల్ల సున్నా. గది గూడ లెక్కనే."

కాసేపాగి ఇంకొకటి:

"వెనకట నా ఆట ఒకటి నేనే యాభై లెక్కపెట్టి ముగించిన. అవతల మా దోస్తు ఉండె. లెక్క తప్పలే. మనిషి మల్ల దొరకలే."

ఆయన్ను రాయి అనుకున్నాను ఇన్నాళ్లూ. పొరపాటు నాది.

ఆట 343వ రోజు

దుమ్ము ఇరవై. మూడో పంకా ఆపి, తుడిచి, మళ్లీ వేశాను.

పొద్దున వంటశాలకు వెళితే బండ మీద కొత్త గులకరాయి ఉంది. నా జి బంటు ముందు గడిలో. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని చూసి నవ్వుతున్నారు. "ఎవురో ఆట రానోళ్లు పెట్టినారు" అన్నారు.

ఉసేన్‌బీ పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఉంది. ఆమె కొంగు ముడి విప్పి ఉంది.

"ఉసేన్‌బీ, అది ఓడిపోయే ఎత్తు" అన్నాను దగ్గరికి వెళ్లి.

"నాకేమన్నా ఆట వచ్చునా అన్నా? గమ్మున బువ్వ తిను."

"ఆమె తినేస్తే?"

ఉసేన్‌బీ గరిటె పక్కన పెట్టింది. "తినేస్తే ఆట గెలిచింది, అంతే కదా. నువ్వు అడిగినావని ఎవురికీ తెల్దు, ఆయమ్మ కాదన్నదనీ ఎవురికీ తెల్దు. ఇద్దరి మర్యాదా నిలబడతాది. ఇంతకన్నా మర్యాదగా అడిగేకి ఇంగేం దారి ఉండాది చెప్పు?"

నేను వారం రోజులుగా తిప్పి తిప్పి చూసినదాన్ని ఆమె పుట్టగొడుగులు వేయిస్తూ తేల్చేసింది.

ఆట 344వ రోజు

దుమ్ము ఇరవై నాలుగు. ఈ రోజుతో లెక్క నలభై ఎనిమిది కావాలి.

జి బంటు జరిపాను. పది వరుసల్లో ఒక్కటే రాశాను: "పల్లాలమ్మ గారూ, బాగా చూసి, మీకు ఏది నచ్చితే అదే వేయండి. ఏది వేసినా నాకు సమ్మతమే."

పంపాక వచ్చి మూడో పంకా బేరింగుకు నూనె పెట్టాను, పొద్దున పెట్టిన సంగతి మరిచి.

చూసేవాళ్లు విరుచుకుపడ్డారు. నిద్రమత్తులో వేశాడా, వేలు జారిందా, ముసలితనమా అని ప్రశ్నలు. మూడు వందల రోజులు కాపాడుకున్న కోటను ఇలా ధారపోస్తారా అని ఒకాయన నిజంగానే బాధపడ్డాడు. వంటశాలలో నాకెవరూ ఎదురుపడలేదు. మా ఊరి పరువు పోయిందని కొందరికి కోపం. ఇద్దరు తమ గులకరాళ్లు తెచ్చి నా రాజు పక్కన ఠక్కున పెట్టి పోయారు. అది సలహా కాదు, తిట్టు.

ఎల్లయ్య సారు రాసింది ఒకే మాట. "సున్నా."

ఆట 345వ రోజు

దుమ్ము తూచలేనంత. పైన తుపాను గాలి, ఎర్రదుమ్ము. పంకాలు రెండు ఆపేశాం. తీగ పోయింది.

పైన దూరపు సంకేతాలు అందుకునే తీగస్తంభం పళ్లెం దుమ్ముతో పూడుకుపోతే ఇలాగే అవుతుంది. ఆమె ఎత్తు వేసే ఉంటుంది, ఎక్కడో దారిలో ఆగి ఉంటుంది. గాలి వల్ల ఆగితే మాట తెగినట్టు లెక్క కాదు. గాలి తగ్గేదాకా ఎవరూ పైకి పోకూడదు. రోజంతా తలుపు దగ్గర కూర్చున్నాను. పర్యవేక్షకుడు వచ్చి "ఏంటి మద్దిలేటీ, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

ఆమెకు కోపం వచ్చి ఉంటుందా? ఎవరి దయా అక్కర్లేని మనిషి. బంటును దానం చేశాననుకుంటే తీరా తినేసి, "ఇలా గెలిపిస్తారా నన్ను?" అని అడుగుతుంది. అది నేను ముందుగా ఆలోచించలేదు. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తున్నాను.

ఆట 346వ రోజు

గాలి తగ్గింది. స్తంభం తుడిచే వంతు నాది కాదు. అడిగి తీసుకున్నాను.

తెల్లవారగానే ముసుగు కట్టుకుని పైకెక్కాను. నూట పద్దెనిమిది మెట్లు. ఎండ అప్పటికే నలభై నాలుగు. పళ్లెంలో దుమ్ము మోకాలి లోతున ఉంది. చేటతో ఎత్తి పోశాను, తర్వాత కుంచెతో, చివరికి ముసుగు విప్పి ఆ గుడ్డతో తుడిచాను. నా జవాబును నేనే దింపుకుంటున్నానని తెలుసు. అది ఏ జవాబో తెలియదు. అయినా చివరి మూల దాకా శుభ్రంగా తుడిచాను, ఎందుకంటే మూలలో దుమ్ము ఉంటే అక్షరాలు చెదిరిపోతాయి.

దిగేసరికి వంటశాలలో జనం బండ చుట్టూ నిలబడి ఉన్నారు. ఉసేన్‌బీ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

బండ చూశాను. నా జి బంటు జరిపిన చోటే ఉంది. దాని పక్క గడిలోకి వచ్చి, నా హెచ్ బంటుకు తల ఆనించి, ఆమె తెల్లబంటు నిలబడి ఉంది. తినలేదు. మూసేసింది.

ఆమె పది వరుసలూ వాడుకుంది.

"మద్దిలేటి గారండీ, తినొచ్చని కనబడిందండి. ఎనిమిదెత్తుల్లో అయిపోద్దని కూడా కనబడింది. ముందర కోపవొచ్చింది, జాలిపడి ఇచ్చేరేమో అని. తరవాత మీరు రాసిన వరస మళ్లీ చదివేను. ఏది వేసినా సమ్మతమే అన్నారు. నన్నెవరూ ఇంతవరకూ అలా అడగలేదండి. ఎల్లయ్య గారు సున్నా అని రాసేకా మొత్తం అర్థవయ్యింది. నేను బరువైన మనిషినండి, కోడిపెట్ట కూడా ఉంది. ఆ గోంగూర పులుపో కాదో నేనే తిని చూత్తాను. ఫారంలో మీ పేరు రాయనాండీ?"

నా ఎత్తుగా శకటును ఒక గడి వెనక్కి తీశాను. ఏ గడికి తీశానో కూడా సరిగా చూసుకోలేదు. మాట ఒక్కటే: "రాయండి."

నూట నలభై మంది అన్నది ఇప్పుడు నాలుగు వందల దాకా పెరిగింది. వాళ్లు ఏం రాశారో పూర్తిగా చదవలేదు, కళ్లు మసకబారాయి. దుమ్ములోంచి వచ్చాను కదా అని ఉసేన్‌బీతో అన్నాను. "అవునవును, దుమ్మే" అంది.

రాజు పక్కన పెట్టిన రెండు రాళ్లనూ, పెట్టినవాళ్లే వచ్చి తీసుకుపోయారు.

ఆట 365వ రోజు

పంకాలు నాలుగూ తిరుగుతున్నాయి. దుమ్ము పది.

ఏనుగు అటు, ఏనుగు ఇటు. ఎవరికీ నిద్ర రాలేదట. ఎల్లయ్య సారు "ఇరవై" అని రాసి, కింద "సంవత్సరం నిండింది, నేను సాక్షి" అని పెట్టాడు. ఫారంలో సాక్షి సంతకం కావాలట, ఎవరూ అడగకుండానే పంపేశాడు.

ఆట 395వ రోజు

పల్లాలమ్మ గారు వచ్చి ఆరు రోజులైంది. పడవల మీద రాజమండ్రి దాకా, అక్కడి నుంచి ఎండ లేని వేళల్లో నడిచే బండ్లలో, తొమ్మిది రోజుల ప్రయాణం. దారిలో ఆగిన ప్రతి ఊరి నుంచీ ఆ రోజు ఎత్తు పంపుతూనే వచ్చింది. నేను ఊహించినదాని కన్నా పొట్టి మనిషి. కోడిపెట్టను బుట్టలో పెట్టి ఒళ్లో పట్టుకుని నూట పద్దెనిమిది మెట్లూ దిగింది. దిగి, చుట్టూ చూసి, "పోటు రాదు కదండీ ఇక్కడికి?" అని అడిగింది. రాదన్నాను. ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయానని మర్నాడు చెప్పింది. ఆమెకు ఉసేన్‌బీ పక్క గది ఇచ్చారు. పంకాల గదిలో దుమ్ము తూచే పని తనకిమ్మని అడుగుతోంది, కొలతల్లో చెయ్యి తిరిగిన మనిషినంటుంది.

ఈ ఆరు రోజుల ఎత్తులూ బండ దగ్గర ఎదురెదురుగా కూర్చుని వేసి, తీగ మీద పంపాం. ఈ సాయంత్రం యాభయ్యోది. ఆమె ఏనుగును ఒక గడి జరిపింది. నేను శకటును ఒక గడి జరిపాను. ఎల్లయ్య సారు "యాభై. సమానం. ఇద్దరు మంచిగుండుండ్రి" అని రాశాడు. తీగ ఆగిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టి తినడానికి కూర్చున్నారు. నేను బండనే చూస్తూ ఉండిపోయాను. ఏడాదికి పైగా తల ఆనించుకుని నిలబడ్డ ఆ బంట్లను తీయడానికి చెయ్యి రాలేదు. ఆమే తీసింది. ఒక్కొక్కదాన్నే కొంగుతో తుడిచి మొదటి వరుసల్లో పేర్చింది. నల్లకాయలు తన వైపు పెట్టుకుంది.

"తీగ మీద కదండీ మళ్లీ ఆడకూడదన్నది, బండ మీద కాదు కదా" అంది. "ఈసారి తెల్లవి మీరు తీసుకోండి. తలుపులన్నీ తీసి ఆడదాం. ఎనిమిదెత్తుల్లో ఎలా గెలుత్తానో చూపిత్తాను."

"నాకు తొందర లేదు" అన్నాను.

"నాకూ లేదండి" అంది పల్లాలమ్మ. "రేపు కూడా ఉంటాను కదా."

పంకాలు నాలుగూ తిరుగుతున్నాయి. దుమ్ము ఎంతో ఈ రోజు తూచలేదు.